కెంపు వెలుగు, నీలి మచ్చ

మా మేనత్తగారి ఎడమ చెక్కిలిపై ఒక నీలి మచ్చ యుండెడిది. కనురెప్ప మొదలుకొని, కణత మీదుగా, చెక్కిలి సగమువరకు వానకాలపు మబ్బు నీడవలె అది పరచుకొని యుండెడిది. దగ్గరగా చూచినచో ఎడమకంటి తెల్లగ్రుడ్డులో సైతము బూడిద కలిసిన నీలము కాన్పించెడిది. ఆమె కడుపులో నుండగా తల్లి గ్రహణవేళ కాటుక గిన్నెను ముట్టుకొనుటయే ఇందులకు కారణమని ఇంటి పెద్దలు నిశ్చయించిరి. మా నాయనమ్మగారు ఆ నిందను కడవరకు కాదనలేదు. పసుపు పూసిరి, వెన్న రాచిరి, ఏవేవో ఆకుపసరులు పట్టించిరి, మచ్చ కదలలేదు. పెండ్లిచూపులనాడు దీపమును ఆమెకు కుడిప్రక్కన నుంచిరట. ఏ ఛాయాచిత్రమును చూచినను మేనత్తగారు ఎడమకు మొగము త్రిప్పుకొని, కుడిచెంప మాత్రమే చూపుచు కూర్చుండి యుందురు.

ఆ మచ్చకొక పేరు కలదనియు, ఆ పేరు గల వైద్యుడు తన దేశమున కవిగా ప్రసిద్ధుడనియు, ఆయన కన్నుమూసిన పదునైదేండ్లకు పుట్టిన యొక దీపము ఆ మచ్చను చెరపగలదనియు మేము చాల ఆలస్యముగా తెలిసికొంటిమి. ఇచట చెప్పబూనినది ఆ దీపము కథ. తెల్లని మేనిపై మొదట పరీక్షింపబడిన ఆ వెలుగు, వన్నెగల మేనికి అపకారము చేయక మేలు చేయుట నేర్చుకొనుటకు ముప్పదియేండ్లకు పైగా పట్టెను. ఆ నేర్చుకొనుట యెట్లు జరిగెనో చూతము.

జపాను దేశమున షిజువోకా మండలమునందలి ఇతో పట్టణములో 1885వ సంవత్సరమున ఓటా మసావో జన్మించిరి. ఆయన కినోషితా మొకుతారో అను మారుపేరుతో పద్యములు, నాటకములు వ్రాసిరి. వృత్తిచేత చర్మవైద్యులు, కుష్ఠురోగమును గూర్చియు, చర్మమున బట్టు బూజుజాతులను గూర్చియు పరిశోధించి, ఫ్రాన్సులో కొంతకాలము పనిచేసి, కడకు టోకియో విశ్వవిద్యాలయమున ఆచార్యులైరి. ముఖమునకు స్పర్శజ్ఞానము నిచ్చు నాడికి మూడు శాఖలు గలవు. అందు కంటికిని పైదవడకును పోవు తొలి రెండు శాఖల మేర నాక్రమించి, ఒక ప్రక్కనే పుట్టు నీలిగోధుమ మచ్చను ఆయన, తనీనో అను సహచరునితో గూడి, 1939లో విపులముగా వర్ణించిరి. నాటినుండి వైద్యలోకము దానిని ఓటా మచ్చ యనుచున్నది. అది తూర్పు ఆసియా ప్రజలలో మిక్కుటము. మన దేశమునను అరుదు కాదు. పురుషులలోకంటె స్త్రీలలో అధికముగా కనబడును. కొందరికి పుట్టుకతోనే యుండును, కొందరికి యౌవనారంభమున తేలును. తనంతట తాను పోదు.

యుద్ధము చివరి యేండ్లలో, 1943 మొదలు 1945 వరకు, ఆ వైద్యకవి పగలు పని ముగించుకొని వచ్చి, దొరకిన గడ్డిపూవునో చెట్టుకొమ్మనో ముందు పెట్టుకొని రంగులతో చిత్రించుచుండెడివారు. అట్టి చిత్రములు ఎనిమిదివందలకు పైగా ఆయన విడిచిపోయిరి. పూలకును మచ్చలకును సంబంధమేమని పాఠకులడుగవచ్చును. రంగును ఓపికతో చూచు కన్ను రెంటికిని ఒకటే యని మా భావము. 1945 అక్టోబరులో ఆయన కాలధర్మము చెందిరి.

ఓటాగారు ఆ మచ్చకు పేరు పెట్టగలిగిరి గాని, ఆ కాలమున దానిని పోగొట్టుటకు నిర్దుష్టమైన మార్గము లేకుండెను. అమెరికాలో చికాగో వైద్యులగు ప్యూసీ 1907లో బొగ్గుపులుసు వాయువును గడ్డకట్టించిన మంచుతో చర్మరోగములను కాల్చు పద్ధతిని తెచ్చిరి. జపానులో ఆ మంచును ఓటా మచ్చలపై ప్రయోగించుచు వచ్చిరి. చర్మమును ఇసుకకాగితముతో రుద్దినట్లు అరగదీయుట, మచ్చయున్న చర్మమును తొలగించి వేఱొకచోటి చర్మమును అతుకుట మరికొన్ని దారులు. వీనిలో ఏది చేసినను మచ్చ పోయినచోట గాయపుగుర్తు మిగులు భయము వెన్నంటి యుండెడిది. తెల్లనివాని కంటె వన్నెగలవారికి ఈ భయము హెచ్చు. ఏలయన, మన చర్మము గాయమును మరచిపోదు. దోమకాటు మానినచోటను, మొటిమ చితికినచోటను నెలల తరబడి నల్లగా నుండుట మనమందరము నెఱిగినదే.

ఇంతకును గోధుమవన్నె గల పదార్థము చర్మమున నీలముగా ఏల కనబడును? దీనికి సమాధానము మన పల్లెలలోనే కలదు. ఎఱుకల స్త్రీలు సూదులతో పొడిచి వేయు పచ్చబొట్టులోని రంగు, నిజమునకు పచ్చనిది కాదు, దీపపుమసి నల్లనిదే. లోతున నున్న నల్లని పదార్థముపైకి వెలుగు పోవునపుడు, ఎఱ్ఱని కిరణములు లోనికి దిగి అచట పీల్చుకొనబడును. నీలికిరణములు దారిలోనే చెదరి వెనుకకు వచ్చి మన కంటబడును. ఆకాశము నీలముగా నుండుటకును, దూరపు కొండలు నీలముగా తోచుటకును హేతువిదియే. కావున నీలముగా గనబడు మచ్చ లోతున నున్నదని వైద్యుడు చూచిన వెంటనే గ్రహించును. గోధుమరంగున గనబడు మచ్చ పైననే యున్నది. ఓటా మచ్చలో, పైచర్మమున నుండవలసిన వర్ణకణములు పుట్టుకకు ముందు తమ ప్రయాణమున దారిలోనే నిలిచిపోయి, లోచర్మమున స్థిరపడియుండును.

మేనికి వన్నె నిచ్చు పదార్థము పేరు మెలనిన్. దానిని తయారుచేయు కణములు తెల్లవారిలోను, నల్లవారిలోను, మనలోను సంఖ్యలో ఇంచుమించు సమానముగనే యుండును. ఈ సంగతి వినినపుడు మేమును మొదట నమ్మలేదు. భేదమంతయు ఆ కణములు పుట్టించు రేణువులలో నున్నది. 1969లో హార్వర్డు విశ్వవిద్యాలయ పరిశోధకులు, వారిలో భారతీయ సంతతికి చెందిన మధు పాఠక్ గారొకరు, ఈ రేణువులను సూక్ష్మముగా పరిశీలించి, తెల్లనివారి చర్మమున అవి చిన్నవై గుంపులుగా కూడియుండుననియు, నల్లనివారి చర్మమున పెద్దవై విడివిడిగా పరచుకొని యుండుననియు ప్రకటించిరి. గొడుగులు చిన్నవై ఒకచోట కుప్పబడియున్నచో ఎండ పడును. పెద్దవై వేర్వేరుగా విప్పియున్నచో నీడ యగును. ఆ నీడయే మనకు ఎండనుండి రక్షణ. లేసరు వెలుగునకు అడ్డుపడునదియు ఆ నీడయే.

ఇక దీపమునకు వత్తము. 1960 మే 16వ తేదీన కాలిఫోర్నియాలోని మాలిబూ నగరమున, హ్యూస్ పరిశోధనాలయములో, థియొడోర్ మైమన్ అను భౌతికశాస్త్రవేత్త ఒక కృత్రిమ కెంపు కడ్డీచుట్టును చుట్టలు తిరిగిన మెఱుపుదీపము నమర్చి వెలిగించిరి. కడ్డీనుండి సూటియై, ఒకేవన్నె గల ఎఱ్ఱని కాంతి వెలువడెను. లోకమున తొలి లేసరు అదియే. ఆయన వ్యాసమును ఒక ప్రముఖ పత్రిక త్రిప్పిపంపగా, ఆగస్టు నెలలో ‘నేచర్’ పత్రిక ప్రకటించెను. కెంపు కాంతి తరంగము పొడవు 694 నానోమీటర్లు. నానోమీటరనగా మీటరులో వందకోట్లవ వంతు.

ఆ కాంతిని మనుష్యచర్మముపై నిలిపి చూచిన ప్రథములు సిన్సినాటి నగర చర్మవైద్యులగు లియాన్ గోల్డ్‌మన్. 1963లో ఆయన ప్రకటించిన వ్యాసములను జూచినచో, రంగులేని చర్మముకంటె నల్లని వెండ్రుకలు మున్నగు వన్నెగల భాగములే ముందుగా దెబ్బతిన్నవని తెలియును. చిన్నతనమున భూతద్దముతో ఎండను పత్రికపై కేంద్రీకరించి ఆడుకొనినవారికి ఇది వింత కాదు. తెల్ల కాగితమునకంటె నల్లని అక్షరము ముందు పొగ విడుచును. గోల్డ్‌మన్ గారు 1965లో మరియొక అడుగు వేసి, ఒక కోటి వాట్ల శక్తిగల క్షణకాలపు కెంపు వెలుగును పచ్చబొట్టుపై ప్రయోగించిరి. అంతటి శక్తిని అంత స్వల్పకాలమున వదలుటకు, 1961, 62 సంవత్సరములలో హెల్వార్త్, మెక్లంగ్ అనువారు కల్పించిన క్యూ-స్విచ్ అను ఉపాయము తోడ్పడెను. చెఱువుకు తూము మూసియుంచి నీరు నిండినపిదప ఒక్కసారిగా ఎత్తివేసినట్లు, వెలుగును కడ్డీలో కూడబెట్టి ఒక్క విసరున విడుచుటయే ఆ ఉపాయము.

విచిత్రమేమనగా, ఇంత దగ్గరకు వచ్చిన మార్గము దాదాపు రెండు దశాబ్దములు మూలబడెను. 1970వ దశకమున వైద్యుల దృష్టి ఆర్గాన్ లేసరు నీలియాకుపచ్చ కాంతిపై నిలిచెను. అది ఎడతెగక వెలుగునది. వేడి చుట్టుప్రక్కలకు ప్రాకి మచ్చతోబాటు మంచిచర్మమును సైతము ఉడికించెడిది. నీలియాకుపచ్చ కాంతిని మెలనిన్ ఆబగా పీల్చును గనుక వన్నెగలవారికి ఆ దీపము మఱింత ప్రమాదకరము.

1983 ఏప్రిలులో ‘సైన్స్’ పత్రికయందు బోస్టను నగరమునుండి రాక్స్ ఆండర్సన్, జాన్ పారిష్ అనువారు వ్రాసిన వ్యాసము ఈ చిక్కును విప్పెను. వారి సిద్ధాంతమును వంటయింటి భాషలో చెప్పవచ్చును. పొయ్యిలోని నిప్పుకణికను అవ్వ వట్టి వ్రేళ్లతో తీసి కుంపటిలో వేయును, వ్రేళ్లు కాలవు. కణికలో వేడి తక్కువయా? కాదు. అది వ్రేళ్లను తాకియున్న కాలము తక్కువ. ప్రతి వస్తువునకును తాను గ్రహించిన వేడిని పొరుగువారికి పంచుటకు కొంత వ్యవధి పట్టును. పెద్ద వస్తువునకు ఎక్కువ, చిన్న వస్తువునకు తక్కువ. మెలనిన్ రేణువు మిక్కిలి చిన్నది. అది చల్లబడుటకు సెకనులో పదిలక్షలవ వంతు చాలును. అంతకంటె తక్కువ కాలములో వెలుగును ముగించినచో, వేడి పొరుగునకు ప్రాకకముందే ఆ రేణువు పగిలిపోవును. చుట్టునున్న చర్మము చెక్కుచెదరదు. క్యూ-స్విచ్ లేసరు వెలుగు సెకనులో వందకోట్ల వంతులలో కొన్నిమాత్రమే, అనగా కొన్ని నానోసెకన్లు, నిలుచును. గోల్డ్‌మన్ గారి పాత దీపమునకు అప్పుడు అర్థము దొరకెను. పగిలిన రేణువులను దేహములోని చెత్తనెత్తు కణములు మెల్లమెల్లగా మోసికొనిపోవును. ఒక్క పూటతో తేలునది కాదు, నెలలు పట్టును.

అదే సంవత్సరమున గ్లాస్గో నగర వైద్యులు క్యూ-స్విచ్ కెంపు లేసరుతో నల్లని పచ్చబొట్లను పోగొట్టిన విధమును ప్రకటించి, తొమ్మిదేండ్ల అనుభవమును 1990లో వెల్లడించిరి. స్కాట్లండువారి చర్మము పాలవంటిది. అచట నల్లని గుర్తు తెల్లని కాగితముమీది అక్షరమే. ఇప్పుడు మన ప్రశ్నకు వచ్చితిమి: కాగితమే నల్లనిదైనచో?

మన మేనిలో వెలుగు లోచర్మమునందలి మచ్చను చేరవలెనన్నచో, ముందుగా పైచర్మములోని మెలనిన్ పొరను దాటవలెను. శత్రువునకును మిత్రునకును వేషమొకటే. మచ్చను కొట్టవలసిన వెలుగు దారిలోని మంచి మెలనిన్‌ను కొట్టును, పైచర్మము బొబ్బలెక్కును, పిదప ఆ చోటు మునుపటికంటె నల్లబడును, లేదా వర్ణకణములు చచ్చి తెల్లబడును. నల్లబడినది నెలలకు తగ్గును. తెల్లబడినది ఒక్కొకప్పుడు జీవితాంతము నిలుచును. మన మేనిపై అది పాతమచ్చకంటె దూరమునకు కనబడును. అందుచేత వన్నెగలవారికి లేసరు తగదని చాలకాలము పలువురు వైద్యులు తలచిరి.

ఈ సందేహమును తీర్చినవారు జపాను రోగులును, వారి వైద్యులును. ఓటాగారు మచ్చను వర్ణించిన దేశముననే అది తీరుట మాకు ముచ్చటగా తోచును. 1992లో అమెరికానుండి కొద్దిమంది రోగుల వృత్తాంతము వెలువడెను. 1994లో వాతనాబే, తకహాషి అను జపాను వైద్యులు ‘న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్’లో 114 మంది ఓటా మచ్చ రోగులకు క్యూ-స్విచ్ కెంపు లేసరుతో చేసిన చికిత్సను ప్రకటించిరి. ఒకసారి చేసికొనినవారికి కొంత తగ్గెను. నాలుగైదుసార్లు చేసికొనినవారిలో అధికులకు మచ్చ చాలవరకు మాసిపోయెను. తొలిసారి పిదప కొందరికి తాత్కాలికముగా నల్లబడెను గాని గాయపుగుర్తులు పడలేదు. మంచుతోను, కత్తితోను అరువదేండ్లు సాధింపలేనిది ఇది. పచ్చని ఛాయగల ఆసియా చర్మమునకు లేసరు పనికివచ్చునని నమ్మకము కుదిరినది అప్పుడే.

ఐనను జపానువారి ఛాయ వేఱు, మన ఛాయ వేఱు. ఛాయలను అంకెలలో చెప్పుటకు వైద్యులు వాడు కొలమానము చరిత్రయును వినదగినది. హార్వర్డు ఆచార్యులగు థామస్ ఫిట్జ్‌ప్యాట్రిక్ 1975లో దానిని కల్పించిరి. పొలుసువ్యాధి రోగులకు మందుతోబాటు అతినీలలోహిత కిరణముల నెంత మోతాదున ఈయవలెనని తెలిసికొనుట వారి ప్రయోజనము. ఎండలో నిలిచినచో మీ మేను కమిలి ఎఱ్ఱబడునా, నల్లబడునా? ఈ ప్రశ్నను బట్టి తెల్లనివారిని నాలుగు తరగతులుగా విభజించిరి. గోధుమవన్నెవారును నల్లవారును తరువాత చేర్చబడి, 5, 6 తరగతులైరి. 1988 నాటి వ్యాసమున ఆరు తరగతులును వివరింపబడినవి. లోకమునందలి జనులలో అధికభాగమును కడపటి తరగతులలో ఇరికించిన యీ పట్టిక తెల్లనివారికై కుట్టిన చొక్కా. మనము దానిని తొడుగుకొనుచున్నాము. తెలుగువారిలో పెక్కుమంది 4, 5 తరగతులకు చెందుదురు. మన పాటలలోను పెండ్లిమాటలలోను చామనచాయ యనునది ఈ పట్టికలో నెచ్చట నున్నదో చెప్పుట అంత సులభము కాదు.

కెంపు వెలుగు మన పైచర్మమునకు కొంచెము మోటైనది. తరంగము పొడవు పెరిగినకొలది మెలనిన్ ఆ కాంతిని తక్కువగా పీల్చును. కాంతియు మరింత లోతునకు దిగును. కావున మనకు కావలసినది కెంపుకంటె పొడవైన తరంగము. అట్టి దీపము 1964లోనే అమెరికాలోని బెల్ పరిశోధనాలయములో పుట్టియుండెను. నియోడిమియం అను లోహమును కలిపిన కృత్రిమ స్ఫటికమునుండి 1064 నానోమీటర్ల కాంతి వెలువడును. ఇది కంటికి కనబడని కాంతి. అదే పరిశోధనాలయమున, అదే సంవత్సరమున, మహారాష్ట్రమునందలి బారామతిలో జన్మించిన కుమార్ పటేల్ గారు బొగ్గుపులుసు వాయువు లేసరును కనుగొనిరి. అది నేడును చర్మమును కోయుటకు, చెక్కుటకు వాడబడుచున్నది. మన కథకు అది నేరుగా చెందకపోయినను, విడిచిపోవ మనసొప్పలేదు.

నియోడిమియం-యాగ్ అను పేరుగల ఈ దీపమును క్యూ-స్విచ్‌తో కూర్చి వాడుట 1990వ దశకమునుండి వ్యాపించెను. దీనివలన మన మచ్చలకు నెమ్మదిగా గుణము కలుగును. కెంపువెలుగు నాలుగు మార్లలో చేయుదానికి ఇది ఆరో ఎనిమిదియో తీసికొన వచ్చును. ఆ నిదానమే మనకు రక్షణ. 2008లో హైదరాబాదు నగరమునుండి వెలువడిన యొక వ్యాసము 50 మంది భారతీయ రోగుల ఓటా మచ్చలపై ఈ దీపపు పనిని వర్ణించినది. కొందరికి మచ్చ దాదాపు పూర్తిగా పోయెను, కొందరికి సగము తగ్గెను, కొందరికి స్వల్పముగనే తగ్గెను. కొద్దిమందికి తాత్కాలికముగా నల్లబడి తిరిగి కుదుటబడెను, గాయపుగుర్తులు లేవు. అందరికిని పోయెనని వ్రాయనందుకే మాకు ఆ వ్యాసముపై గౌరవము కలిగినది.

ఈ చికిత్సలో వైద్యుని నేర్పు దీపమును వెలిగించుటకంటె, తగ్గించుటలో ఎక్కువగా తెలియును. చెవిదగ్గర చిన్నచోట ముందుగా పరీక్షించి, కొన్ని వారములు వేచి చూచుట, శక్తిని తక్కువనుండి ప్రారంభించుట, చల్లదనముతో పైచర్మమును కాపాడుట, ఒక పూటకును మరియొక పూటకును నెలల యెడమిచ్చుట, ఆ నెలలలో రోగి ఎండకు పోకుండుట: ఇవన్నియు వన్నెగల మేనికై ఒక్కొక్కటిగా నేర్చుకొనబడిన జాగ్రత్తలు. 2012లో అమెరికాలో అనుమతి పొందిన పికోసెకను లేసర్లు, అనగా సెకనులో లక్షకోట్ల వంతుల లెక్కన వెలుగునవి, కాలమును ఇంకను కుదించినవి. వేడికంటె తాకిడిచేతనే అవి రేణువును పగులగొట్టును.

ఇంతవరకు వెలుగు గెలిచిన చోటు చెప్పితిమి. ఓడిన చోటును చెప్పవలెను. మన స్త్రీల చెక్కిళ్లపై, నుదుట, పైపెదవి మీద వచ్చు గోధుమ మచ్చలను మంగు అందుము. ఎండ, గర్భధారణము, కొన్ని మందులు, వంశగుణము దానికి కారణములు. ఓటా మచ్చవలె ఇది ఒకచోట చిక్కుకొనిన పాతరంగు కాదు. వర్ణకణములు రెచ్చి దినదినమును రంగు పుట్టించుచుండుటయే మంగు. నేల తుడిచినంతమాత్రమున పైకప్పు కురియుట మానునా? 2000వ సంవత్సరము దాటినపిదప తూర్పు ఆసియాలో, తక్కువ శక్తిగల నియోడిమియం వెలుగును వారమునకొకసారి చొప్పున మొగమంతయు ప్రసరింపజేయు పద్ధతి ప్రబలెను. మొదట తేటగా కనబడును, మానినంతనే మచ్చ తిరిగి వచ్చును, మరల చేయుదురు. 2010లో హాంగ్‌కాంగు వైద్యులు, ఇట్టి చికిత్స చేసికొనినవారి మొగమున వానచినుకులు పడినట్లు తెల్లనిచుక్కలు తేలుటను ప్రకటించిరి. మా బంధువర్గములో ఒకామె ఒక పట్టణమున ఈ విధముగా పదునాలుగుసార్లు చేయించుకొనినది. మంగు ఎక్కడికిని పోలేదు. దానిమధ్య తెల్లచుక్కలు వచ్చి చేరినవి. ముందు పరీక్షించిరా యని అడిగితిమి. ఆరుసార్లకు ఒకటి ఉచితమని చెప్పిరి గాని, పరీక్షమాట ఎవ్వరును ఎత్తలేదట.

మచ్చను పోగొట్టుట వేఱు, మేనిఛాయను మార్చుట వేఱు. రెండవదానిని అమ్ముకొనుటకు మొదటిదాని పేరు వాడబడుచున్నది. ఓటా మచ్చ గల బాలికకు చేయునది వైద్యము. చామనచాయ గల బాలికను తెల్లబరుతుమనుట వర్తకము. ఆ వర్తకమునకు లేసరు చరిత్రలో ఆధారమేమియు లేదు.

మరియొక సంగతి. నల్లని మచ్చ యెల్లను లేసరునకు అప్పగింపదగినది కాదు. వన్నెగలవారికి చర్మపు నల్లపుండు, అనగా మెలనోమా అను దుష్టవ్రణము, అరుదు. కాని వచ్చినపుడు ఎండ తగులని అరికాలిలోను, అరచేతిలోను, గోరుక్రిందను వచ్చుట మనలో మెండు. ముల్లు గ్రుచ్చుకొనినదని, దెబ్బ తగిలినదని తలచి ఆలసింతురు. కొత్తగా పుట్టి, అంచులు వంకరలై, పెరుగుచున్న నల్లమచ్చను ముందు ముక్కతీసి సూక్ష్మదర్శినిలో చూడవలెను. దానిపై లేసరు ప్రయోగించినచో పైరంగు చెరిగి, లోని పుండు దాగికొనును.

మా మేనత్తగారి మాట మిగిలినది. డెబ్బదియవ యేట ఆమె ఎడమకంటి చూపు సన్నగిల్లెను. నొప్పి లేదు, నీరు లేదు. ప్రక్కలనుండి చీకటి క్రమ్ముకొని వచ్చినదని మాత్రము చెప్పిరి. కంటివైద్యుడు చూచి నీటికాసులనెను; అప్పటికే చాలవరకు పోయినది. కంటి తెల్లగ్రుడ్డులోని నీలమును ఆయన చూచెనో లేదో మేమెఱుగము. ఓటా మచ్చ కంటిలోనికి వ్యాపించినవారిలో పదిమందికి ఒకరికి కంటి లోపలి ఒత్తిడి హెచ్చవచ్చునని నేడు వైద్యగ్రంథములు చెప్పుచున్నవి. అరుదుగా కంటిలోపల దుష్టవ్రణమును పుట్టవచ్చును. అరువదేండ్లపాటు ఇంటిల్లిపాదియు ఆ చెక్కిలిని గూర్చియే చింతించిరి. కంటిని ఎవ్వరును తలపలేదు.

ఇప్పుడు ఓటా మచ్చ గల బిడ్డను తీసికొనిపోయినచో, తెలిసిన వైద్యుడు లేసరుకంటె ముందు కంటివైద్యుని చెంతకు పంపి ఒత్తిడిని కొలిపించును. ఏటేట మరల కొలిపింపుమనును. చికిత్సనాడు మందుచుక్కలతో కన్ను మొద్దుబారజేసి, రెప్పక్రింద ఒక లోహపుచిప్పను తొడుగుదురు. వెలుగు చెక్కిలిని, కణతను, రెప్పను తాకును. తెల్లగ్రుడ్డును తాకదు, తాకరాదు. చెక్కిలి తేటపడిన పిదప గూడ ఆ కంటిలోని నీలము అట్లే యుండును.